జెనోవాలో కాలినడక: మోకాలు అరిగిన నాన్నగారితో రెండు రోజులు ఎలా తిరగాలి?

బరంపురం_88 అడిగినది:

అందరికీ నమస్కారం. నవంబరు మొదటి వారంలో అమ్మానాన్నలతో ఇటలీలోని జెనోవాలో రెండు పూర్తి రోజులు ఉంటాం. బస పియాత్సా ప్రించిపే రైల్వేస్టేషన్ పక్కనే. నాన్నకి 66 ఏళ్ళు, కుడి మోకాలు అరిగింది. చదునైన దారిలో ఆగుతూ ఆగుతూ నాలుగైదు కిలోమీటర్లు నడుస్తారు. తారాతారిణి కొండకైతే ఆ 999 మెట్లు మానేసి రోప్‌వేలోనే వెళ్తున్నారు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు.

ఫోన్ మ్యాపులో చూస్తే అన్నీ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఊరంతా కొండ అని మాత్రం అందరూ అంటున్నారు. నడిచే ఊరే చూడాలని నాన్న పట్టు. ఎక్కడ నడవాలి, ఎక్కడ లిఫ్టు ఎక్కాలి, ఏ దారి జోలికి పోకూడదు? వివరంగా చెప్పగలరా?

కొండదారి (జయపురం):

ముందు ఆ మ్యాపు సంగతి. అది దూరం చెబుతుంది, ఎత్తు చెప్పదు. జెనోవాలో ప్రయాణం చెడేది అక్కడే. వియా గరిబాల్ది అనే వీధికీ, దాని వెనకాలే ఉన్న కస్తెల్లెత్తో గుట్ట మీది చప్టాకీ మధ్య ఫోన్లో చూస్తే వేలెడు దూరం. నిలబడి చూస్తే యాభై మీటర్ల పైచిలుకు ఎత్తు. కాబట్టి దూరం కంటే ముందు వీధి పేరులో మొదటి మాట చదవండి. ‘సాలీతా’ అని ఉంటే ఎక్కుడు. ‘స్కలినాతా’ అంటే మెట్లు. ‘వీకో’ అంటే ఇద్దరు ఎదురైతే ఒకరు ఒత్తిగిల్లాల్సిన సందు. ‘కోర్సో’ అంటే వెడల్పాటి రోడ్డు, కొండ మీదున్నా చాలావరకు చదునుగానే ఉంటుంది. ‘గల్లేరియా’ అంటే ఇక్కడ కొండ కింది సొరంగం. ఈ అయిదు మాటలు మీ నాన్నగారికి కూడా నేర్పండి, చాలా పనికొస్తాయి.

జెనోవాని మూడు అంతస్తుల ఇల్లు అనుకోండి. కింద రేవు, పాత ఊరి సందులు. మధ్య అంతస్తులో కొండ నడుము చుట్టూ తిరిగే రోడ్డు. దాన్ని ‘చిర్కొన్‌వల్లాత్సియోనే ఆ మొంతే’ అంటారు, పందొమ్మిదో శతాబ్దంలో వేశారు. కోర్సో ఫిరెన్జే, కోర్సో పగనీని, కోర్సో మజెంతా, కోర్సో సోల్ఫెరీనో అన్నీ దానిలో ముక్కలే. పై అంతస్తు రీగి, ఆపైన కోటలు. అంతస్తు నుంచి అంతస్తుకి వెళ్ళడానికి ఊరివాళ్ళే లిఫ్టులు, తాడు రైళ్ళు (కొండవాలు మీద పట్టాలపై తాడుతో లాగే పెట్టెలు) వాడతారు. మీరూ అదే చెయ్యండి. అంతస్తు మారడం యంత్రం పని, అదే అంతస్తులో తిరగడం కాళ్ళ పని.

మొదటి రోజు ఇలా. ప్రించిపే నుంచి వియా బాల్బి పట్టుకోండి. దారిలోనే రాజభవనం, పలాత్సో రెయాలే వస్తుంది. అది ప్రభుత్వ మ్యూజియం కాబట్టి నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం. మీ తేదీలకి కలిసొస్తుందేమో చూసుకోండి. వీధి చివర నున్సియాతా చౌరస్తా, పక్కనే లార్గో జెక్కా. అక్కడ ఫోను మిమ్మల్ని గరిబాల్ది సొరంగంలోంచి పొమ్మంటుంది, అదే దగ్గర కాబట్టి. పక్కన నడవడానికి చోటుంది, చదునే. కానీ బండ్ల పొగ, హోరు. దాన్ని వదిలేసి వియా కైరోలి మీదుగా వియా గరిబాల్దిలోకి రండి.

ఈ వీధి పొడవు పావు కిలోమీటరే. అయినా గంటన్నర కేటాయించండి. పదహారో శతాబ్దపు జెనోవా గణతంత్రానికి సొంత అతిథిగృహం లేదు. రాజులో రాయబారులో వస్తే ఎవరి ఇంట్లో దింపాలో 1576 నుంచి జాబితాలు రాసి పెట్టుకునేవారు. ఆ జాబితాలే ‘రోల్లి’. వచ్చినవాళ్ళ హోదాను బట్టి ఇళ్ళకి తరగతులు, ఆ తరగతిలో ఎవరి ఇల్లో చీటీ తీసి తేల్చేవారు. అలాంటి భవనాలు 42 కలిపి 2006లో యునెస్కో జాబితాలో చేర్చింది. వాటిలో ఎర్ర భవనం, తెల్ల భవనం, తుర్సి భవనం ఈ వీధిలోనే మ్యూజియాలుగా ఉన్నాయి. పేరున్న వయొలిన్ విద్వాంసుడు పగనీని వాయించిన వయొలిన్ తుర్సిలో ఉంది, 1743లో గ్వర్నేరి చేతి పని. టికెట్టు కొనకపోయినా తెరిచి ఉన్న గుమ్మాల్లోంచి లోపలి మండువాలు చూడండి. చోటు లేని కొండవాలులో కట్టిన ఇళ్ళు కదా, వాకిలి ఒక ఎత్తులో, మండువా ఇంకో ఎత్తులో, పెరటి తోట ఆపైన ఎక్కడో ఉంటాయి.

వీధి దాటితే పియాత్సా పోర్తెల్లో. గోడలకి పలకలు అతికించిన సొరంగంలోకి నడిస్తే చివర లిఫ్టు. ఎక్కితే తిన్నగా కస్తెల్లెత్తో చప్టా మీద దిగుతారు. పలకరాతి కప్పులు, గంట గోపురాలు, వాటి వెనక క్రేన్లు, సముద్రం, అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఊరు ఎలా పేర్చారో ఇక్కడే అర్థమవుతుంది. అక్కణ్ణుంచి సాలీతా సాన్ ఫ్రాంచెస్కో మీదుగా నడిచి దిగిపోతే మళ్ళీ వియా గరిబాల్ది దగ్గరే తేలతారు.

ఓడరేవు (గోపాల్‌పూర్):

జయపురం అన్నగారు చెప్పింది చాలా బాగుంది. ఒక్క చివరి మాటతోనే పేచీ. అరిగిన మోకాలికి ఎక్కడం కంటే దిగడమే చేటు. ఎక్కేటప్పుడు తొడ కండరం లాగుతుంది, ఆయాసం వస్తుంది, ఆగితే పోతుంది. దిగేటప్పుడు ప్రతి అడుగుకీ ఒంటి బరువంతా వంగిన మోకాలి మీద పడుతుంది. ఆ పూటకి తెలియదు, మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు తెలుస్తుంది. ‘లిఫ్టులో ఎక్కు, నడిచి దిగు’ అనేది కుర్రాళ్ళకి సరిపోయే సూత్రం.

ఆ సాలీతాల కట్టుబడి కూడా చెప్పాలి. ఈ దారుల్ని అక్కడివాళ్ళు ‘క్రోజా’ అంటారు. నడిమధ్యన ఎర్ర ఇటుకల పట్టీ, అటూ ఇటూ గుండ్రాళ్ళో రాతి పలకలో. మెట్లు మన గుడి మెట్లలా ఉండవు. ఎత్తు తక్కువ, కానీ మెట్టుకీ మెట్టుకీ మధ్య ఏటవాలు జాగా పొడవు. ఒక అడుగుకి ఎక్కువ, రెండు అడుగులకి తక్కువ. దాంతో తెలియకుండానే ప్రతి మెట్టూ ఒకే కాలితో దిగుతాం. వందో మెట్టు దగ్గర ఆ మోకాలే వాచిపోతుంది. దిగక తప్పకపోతే ప్రతి నాలుగైదు మెట్లకీ మధ్యలో ఒక పొట్టి అడుగు వేసి కాలు మార్చాలి. ఇటుక పట్టీ మీద నడవాలి, గుండ్రాళ్ళ మీద కాదు. చేతికర్ర మామూలు కంటే అయిదు సెంటీమీటర్లు పొడవు చేసుకోవాలి, దిగేటప్పుడు కర్ర కింది మెట్టుకి అందాలి కాబట్టి. నవంబరులో ఇటుకల మీద పాకుడు, రాలిన ఆకులు ఉంటాయి. తడిసిందంటే ఇటుక పట్టీ కూడా జారుతుంది. అప్పుడు గోడ వారగా, కమ్మీ ఉన్న వైపు దిగండి. గాళ్ళు ఉన్న రబ్బరు అట్ట బూట్లు తప్పనిసరి. తోలు అట్ట చెప్పులు వద్దే వద్దు.

మీ నాన్నగారికి మెట్లదారి అక్కర్లేని చుట్టు ఒకటి ఉంది. పోర్తెల్లోలో లిఫ్టు ఎక్కి కస్తెల్లెత్తోలో దిగండి. అక్కణ్ణుంచి పైన అన్నగారు చెప్పిన మధ్య అంతస్తు రోడ్డే, కోర్సో పగనీని మీదుగా కోర్సో మజెంతా దాకా. నింపాదిగా నడిచినా అరగంట లోపే. అక్కడ సాంతన్నా తాడు రైలు పై స్టేషను ఉంది. అది దింపేది మళ్ళీ పియాత్సా పోర్తెల్లోలోనే! ఎక్కిన చోటే దిగుతారు, మధ్యలో మోకాలికి పనే లేదు. ఆ రైలు 1891 నాటిది. మొదట్లో పైపెట్టెలో నీళ్ళు నింపి, ఆ బరువుతో కింది పెట్టెను లాగించేవారు. ఇప్పుడు కరెంటు.

రెండో రోజు సాయంత్రం రీగికి వెళ్ళండి. లార్గో జెక్కా నుంచి తాడు రైలు, పైకి సుమారు 300 మీటర్ల ఎత్తు. నవంబరులో 5 దాటగానే సూర్యుడు దిగిపోతాడు, కాబట్టి 4 కల్లా కింద స్టేషన్లో ఉండాలి. రీగి నుంచి స్పెరోనె కోటకి, ఆపైన దియమాంతె కోటకి నడకదారి ఉంది. దియమాంతె 667 మీటర్ల ఎత్తున ఉంటుంది. అది మీ ఒక్కరికి, వేరే పూట. పైన గాలి ఎక్కువ, నీళ్ళు దొరకవు, తలో లీటరున్నర మోసుకెళ్ళాలి.

వియా బాల్బి నుంచి కస్తెల్లో ద్’అల్బెర్తిస్‌కి వెళ్ళే లిఫ్టు కూడా నాన్నగారికి చూపించండి. పెట్టె మొదట సొరంగంలో రైలుపెట్టెలా అడ్డంగా రెండువందల మీటర్ల పైన పోతుంది. తర్వాత ఆగి, అదే పెట్టె, మనం కదలకుండానే, నిలువుగా పైకి లేస్తుంది. పైన ఒక ఓడ కెప్టెన్ కట్టుకున్న కోట, ఇప్పుడు మ్యూజియం.

టికెట్ల మాట. బస్సు, మెట్రో, లిఫ్టులు, తాడు రైళ్ళు అన్నీ ఒకే సంస్థవి. లిఫ్టులకి ఎవరికి ఉచితం, ఎవరికి టికెట్టు అన్న నియమాలు ఈమధ్య చాలాసార్లు మారాయి. పాత బ్లాగుల్లో చదివింది నమ్మకుండా స్టేషన్ గోడ మీది పట్టిక చూడండి. కాగితం టికెట్టు కొంటే సరిపోదు, ఎక్కగానే యంత్రంలో పెట్టి ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్టు ఉన్నా లేనట్టే, జరిమానా పడుతుంది. ‘టి’ అక్షరం బోర్డున్న తబక్కి (పొగాకు) కొట్లలో టికెట్లు దొరుకుతాయి. ‘ఫువోరి సెర్విత్సియో’ అని కాగితం అంటించి ఉంటే ఆ లిఫ్టు ఆ రోజు పని చేయదు. పోర్తెల్లోలో ఒకటి ఆగినా రెండోది ఉంటుంది. అప్పుడు ఆ రెండోదాంట్లోనే ఎక్కి, దాంట్లోనే దిగండి.

కొండదారి (జయపురం):

ఒప్పుకుంటున్నాను, దిగడం మాట సరైనదే. పోర్తెల్లో చుట్టే మేలు. సాలీతా సాన్ ఫ్రాంచెస్కో పై నుంచి పది మెట్లు దిగి చూసి వెనక్కి వచ్చెయ్యండి చాలు.

పర్లాకిమిడి పంక్తి:

అమ్మగారి భోజనం సంగతి. బెంగ అక్కర్లేదు, జెనోవా వంటలో శనగపిండి ఉంది.

‘ఫరినాతా’ అడగండి. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు. అంతే. గుడ్డు లేదు, పాలు లేవు, ఈస్టు లేదు. ఒకవంతు పిండికి మూడువంతుల నీళ్ళు. మన అట్ల పిండి కంటే బాగా పలచన, మజ్జిగలా ఉంటుంది. కొన్ని గంటలు నాననిచ్చి, పైన తేలిన నురగ తీసేస్తారు. ఆ నురగ ఉండిపోతే పైన మాడి చేదెక్కుతుంది. కళాయి పూసిన పెద్ద రాగి పళ్ళెంలో నూనె పోసి, పిండి పోసి, కట్టెల పొయ్యిలో బాగా మండే సెగకి తోస్తారు. బయటికొచ్చేసరికి అంచు కరకర, పైన బంగారు రంగు పొర, లోపల మెత్తగా జున్నులా. మందం అర సెంటీమీటరు. కత్తితో వంకర టింకర ముక్కలు కోసి కాగితంలో పెట్టి ఇస్తారు. పైన మిరియాల పొడి చల్లుకోండి. చల్లారితే తోలులా సాగుతుంది. పళ్ళెం పొయ్యిలోంచి బయటికొచ్చినప్పుడే కొనాలి, కొట్టు ముందు జనం నిలబడి ఉన్నారంటే దాని కోసమే. ‘బియాంకెత్తి’ అని రాసి ఉంటే చిన్న చేపపిల్లలు కలిపినది, అది వద్దు. ‘చిపొల్లా’ అంటే ఉల్లిపాయ.

ఫొకచ్చా రొట్టె కూడా పొద్దుటి పూటకి హాయి. కొన్ని కొట్లలో పిండిలో పంది కొవ్వు కలుపుతారు. దాని పేరు ‘స్త్రూత్తో’. “చె స్త్రూత్తో?” అని అడిగితే ఉందో లేదో చెబుతారు. ఫొకచ్చాని తూకానికి అమ్ముతారు. ‘ఎత్తో’ అంటే వంద గ్రాములు. బోర్డు మీద ధర చవగ్గా కనిపించి బిల్లు పెరిగిందంటే, అది కిలో ధర కాదు, ఎత్తో ధర అన్నమాట. మనిషికి రెండు ఎత్తోలు సరిపోతాయి.

పెస్తో విషయంలో జాగ్రత్త. తులసి జాతి ఆకు, పైన్ గింజలు, వెల్లుల్లి, నూనె దాకా బాగానే ఉంది. అందులో పడే పార్మిజాన్ జున్నుని దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. అమ్మగారికి అది పట్టింపైతే పెస్తో వదిలెయ్యాలి. ‘తోర్తా పస్క్వలీనా’ ఆకుకూర కూరిన పిండివంటలా కనిపిస్తుంది గానీ లోపల గుడ్లు ఉంటాయి.

కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఎక్కువ ధర. నాన్నగారు కూర్చోవాలి కాబట్టి ఆ ఎక్కువ ఇచ్చేయండి. మరుగుదొడ్డి కూడా అక్కడే తీరుతుంది.

బరంపురం_88:

ఎంత ఓపిగ్గా రాశారండీ, అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు సందేహాలు. పాత ఊరి సందుల్లో ఫోను దారి చూపదని విన్నాను, నిజమేనా? నవంబరులో వాన పడితే ఏం చెయ్యాలి?

ప్రాణహిత (సిరొంచ):

సందుల సంగతి చెబుతాను. వాటిని ‘కరుజ్జి’ అంటారు. రెండు మూడు మీటర్ల వెడల్పు, రెండు పక్కలా ఆరేడు అంతస్తుల ఇళ్ళు. ఆకాశం దారంలా కనిపిస్తుంది. ఉపగ్రహం సంకేతం గోడలకి కొట్టుకుని వస్తుంది కాబట్టి ఫోన్లో నీలం చుక్క పక్క సందులోకి గెంతుతుంది. దాన్ని నమ్మి తిరిగితే అక్కడక్కడే తిరుగుతారు. మ్యాపు ముందే దించుకుని, చుక్కని కాకుండా మలుపుల్లో చలువరాతి పలక మీది పేరుని చూసి మ్యాపులో పోల్చుకోండి. తప్పిపోతే నేల వాలుని చూడండి. వాలు ఎటుంటే రేవు అటే. రేవు గట్టున ఎత్తైన వంతెన రోడ్డు కనిపించగానే దిక్కు తెలిసిపోతుంది.

నాన్నగారికి ఈ దారి నచ్చుతుంది. ప్రించిపేలో మెట్రో ఎక్కి దె ఫెర్రారిలో దిగండి. ఫౌంటెన్ ఉన్న పెద్ద కూడలి అది. అక్కణ్ణుంచి వియా సాన్ లొరెంత్సో రేవు దాకా మెల్లగా వాలుతుంది. వెడల్పాటి వీధి, మెట్లు లేవు. మధ్యలో నలుపు తెలుపు చారల సాన్ లొరెంత్సో పెద్ద చర్చి. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ యుద్ధనౌకలు ఊరిమీద ఫిరంగులు పేల్చినప్పుడు ఒక గుండు ఈ చర్చిలో పడి పేలకుండా ఉండిపోయింది. ఆ రకం గుండుని లోపల నిలబెట్టి ఉంచారు. వీధి చివర పాత రేవు, 1992లో రెంజో పియానో అనే వాస్తుశిల్పి తీర్చిదిద్దినది. తిరుగు ప్రయాణానికి సాన్ జోర్జో మెట్రో స్టేషన్ అక్కడే. మొత్తం దారిలో ఎక్కుడే లేదు.

స్టేషన్ పక్కనే బొమ్మల గోడల భవనం పలాత్సో సాన్ జోర్జో. 1260 నాటి కట్టడం. తెలుగువాళ్ళు దాని ముందు రెండు నిమిషాలు నిలబడాలి. మార్కోపోలో 1298 ప్రాంతంలో జెనోవా వాళ్ళ చెరలో ఉండి తన ప్రయాణాలన్నీ తోటి ఖైదీకి చెప్పి రాయించాడు. ఆ చెర ఈ భవనమేనని ఊళ్ళో చెప్పుకుంటారు. మన మోటుపల్లి రేవు గురించి, వజ్రాల గురించి, సాలెగూడంత సన్నని బట్టల గురించి, ఆ రాజ్యాన్ని ఏలిన రాణి గురించి అతను చెప్పిన మాటలు రాతకెక్కింది ఆ చెరలోనే. అతను పేరు చెప్పలేదు గానీ, ఆ రాణి మన రుద్రమదేవేనని అంటారు!

చీకటి పడ్డాక వియా ది ప్రె, మద్దలేనా వైపు సన్న సందులు వద్దు. వియా సాన్ లొరెంత్సో, వియా గరిబాల్ది లాంటి వెలుతురున్న వీధులకే ఉండండి. ఫోను, డబ్బు లోపలి జేబులో.

కొండదారి (జయపురం):

వాన మాట తేలిగ్గా తీసుకోకండి. జెనోవా కొండలు నిటారుగా సముద్రంలోకి దిగుతాయి. సముద్రం మీంచి వచ్చిన తడిగాలి ఆ కొండలకి తగిలి ఒకేచోట గంటల తరబడి కురుస్తుంది. నీళ్ళు చిన్న చిన్న వాగుల్లోంచి నిమిషాల్లో కిందికి వస్తాయి. బిసాన్యో నది ఊరి దగ్గర రోడ్ల కిందే, మూసిన కాలువలో పోతుంది. అందులో పట్టకపోతే రోడ్డు మీదికి తన్నుకొస్తుంది. 2011 నవంబరు 4న, 2014 అక్టోబరు 9న వరదల్లో ప్రాణాలు పోయాయి. పైలిన్, తిత్లీ తుఫాన్లు చూసిన జిల్లాల వాళ్ళం, హెచ్చరిక అంటే ఏమిటో మనకి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ పసుపు, నారింజ, ఎరుపు అని మూడు రంగులు, ‘అల్లెర్తా’ అంటారు. ముందురోజే ప్రకటిస్తారు. పసుపైతే క్రోజాలు మానేసి మ్యూజియాలు చూడండి. నారింజైతే బ్రిన్యోలె స్టేషన్ చుట్టుపక్కలకి, రోడ్డు కింది దాటుదారుల్లోకి వెళ్ళకండి. ఎరుపైతే బసలోనే ఉండిపోండి. పార్కులు, మ్యూజియాలు ఎలాగూ మూసేస్తారు.

ఎండ కాస్తే రెండో రోజు మధ్యాహ్నం కోర్సో ఇతాలియా పెట్టుకోండి. సముద్రం గట్టున రెండున్నర కిలోమీటర్ల చదును, అడుగడుగునా బల్లలు. చివర బొక్కదస్సే, చేపల పడవల పాత పల్లె. రాళ్ళ ఒడ్డుకి దిగనక్కర్లేదు, పైన సాంతాంతోనియో చర్చి ముందు నుంచే అంతా కనిపిస్తుంది.

బరంపురం_88:

అన్నీ రాసుకున్నాను. ఒక ఫరినాతా కొట్టు అడ్రసులో ఇంటి నంబరు ‘18 ఆర్’ అని ఉంది. మ్యాపు ఎక్కడో దూరంగా వేరే గుమ్మం చూపిస్తోంది.

ఓడరేవు (గోపాల్‌పూర్):

జెనోవాలో ఒకే వీధికి రెండు వరసల నంబర్లు ఉంటాయి బాబూ. ఇళ్ళకి నల్లవి, కొట్లకి ఎర్రవి. ‘ఆర్’ అంటే ‘రోస్సో’, ఎరుపు. నల్ల 18కీ ఎర్ర 18కీ సంబంధం లేదు, రెండింటి మధ్య వంద మీటర్లు కూడా ఉండొచ్చు. ఫోను చూపించింది నల్ల 18 అయి ఉంటుంది. వీధిలోకి వెళ్ళాక నల్ల నంబర్లని అసలు చూడకండి. ఎర్ర పలకలే లెక్కపెట్టుకుంటూ వెళ్ళండి.